చార్మినార్ దగ్గర పొద్దుటి ఫుడ్ వాక్ నడపడం ఎలా

పాతబస్తీలో ఫుడ్ వాక్ మొదలుపెట్టేవాళ్లు చాలామంది కట్టడాల వరసను బట్టి దారి గీసుకుంటారు. అక్కడే దెబ్బ తింటారు. చార్మినార్ 1591 నుంచి అక్కడే ఉంది, మధ్యాహ్నం వెళ్లినా కనిపిస్తుంది. నాన్‌తో తినే మాంసం పులుసు నహారీ అలా కాదు. రాత్రంతా ఉడికి తెల్లారేసరికి దిగుతుంది, కాస్త పొద్దెక్కితే డేగిసా అడుగు కనిపిస్తుంది. కాబట్టి ఏ పొయ్యి మీద ఏది ఎప్పుడు దిగుతుందో, ఎప్పుడు అయిపోతుందో ముందు రాసుకోండి. దారి దాన్ని బట్టి గీయండి.

ఇక్కడ చెప్పేది ఎనిమిది మంది గుంపుతో ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించే నడక. చార్మినార్, గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టి, మదీనా సర్కిల్, మీరాలం మండీ, పురానీ హవేలీ. అంతా కలిపి రెండున్నర కిలోమీటర్లు ఉంటుంది.

పోర్టో, బోర్డో లాంటి ఐరోపా పట్నాల పాతపేటల్లో ఇలాంటి నడకలకు మజిలీకో గ్లాసు వైన్ ఉంటుంది. తిన్నది దిగడానికి, జనం కాసేపు నిలబడి మాట్లాడుకోవడానికి అదో సాకు. ఇక్కడ ఆ పని ఇరానీ చాయ్ చేస్తుంది. మందు పెడదామన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. లైసెన్సు లేకుండా పోస్తే కేసు, పైగా మక్కా మసీదు గోడ పక్కన ఆ పని చేస్తే మర్నాటి నుంచి ఏ హోటలూ మీకు బల్ల ఇవ్వదు.

ముందు మూడు పొద్దులు ఒంటరిగా తిరగండి

ఒక మామూలు రోజు, ఒక శుక్రవారం, ఒక ఆదివారం. మూడు రోజులూ ఆరింటికే అక్కడ ఉండాలి. ప్రతిచోటా మామూలు గిరాకీలా కూర్చుని తిని, బయటికొచ్చాక ఇవి రాసుకోండి: మొదటి వాయి దిగే వేళ, సరుకు అయిపోయే వేళ, ఎన్ని బల్లలు, ఫ్యామిలీ సెక్షన్ ఎన్నింటికి తెరుస్తారు, టాయిలెట్ వాడదగ్గదేనా, ఏ మాంసం.

ఈ చివరిదే అన్నింటికన్నా ముఖ్యం. పాతబస్తీలో నహారీ, పాయా (కాళ్లు), కీమా కొన్నిచోట్ల మటన్‌తో, కొన్నిచోట్ల పెద్దకూరతో, అంటే గొడ్డుమాంసంతో చేస్తారు. బోర్డు మీద ఉండకపోవచ్చు. "చోటే కా హై యా బడే కా?" (మటనా, పెద్దకూరా?) అని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, సూటిగా చెప్తారు. ఆ జవాబును బుకింగ్ అప్పుడే గుంపుకు చెప్పండి. తిన్న తర్వాత తెలిసిందంటే ఆ మనిషిని సముదాయించడం మీ వల్ల కాదు, కాకూడదు కూడా. వచ్చేవాళ్లలో కొందరికి ఏదైనా సరే, కొందరికి ఒకటి నిషిద్ధం, మరికొందరికి రెండూ. ముందే అడిగి కాగితం మీద పేరు పక్కన రాసుకోండి.

దారి

*ఆరున్నర, చాయ్.* కలుసుకునే చోటు చార్మినార్ పక్కన మక్కా మసీదు వైపున్న నిమ్రా కేఫ్ ముందు పెట్టండి. ఆలస్యంగా వచ్చేవాళ్లు ఎలాగూ ఉంటారు. చాయ్ దగ్గరైతే పావుగంట ఆగినా ఎవరికీ విసుగు రాదు. చుట్టూ వాహనాలు రాని రాళ్లబాట కాబట్టి గుంపు నిలబడటానికీ జాగా ఉంటుంది. అయితే పొద్దున్నే కడిగిన గ్రానైట్ జారుతుంది. హవాయి చెప్పులు వద్దని ముందురోజే మెసేజ్ పెట్టండి.

చాయ్ పోసేవాడి చేతులు కనిపించేలా గుంపును కౌంటరుకు పక్కగా నిలబెట్టండి, ఎదురుగా వద్దు, గిరాకీకి అడ్డు. ఆకు వేసిన నీళ్లు మూత బిగించి సన్నసెగ మీద దమ్ మీదుంటాయి. పాలు వేరే గిన్నెలో మరిగి మరిగి చిక్కబడతాయి. రెండూ కలిసేది కప్పులోనే. ఇంట్లో పాలు, పొడి, చక్కెర ఒకేసారి పడేసి కాచే టీకీ దీనికీ తేడా అక్కడుంది. పాలు ఇంకా ఎక్కువ కావాలంటే "పౌనా" అనాలి. చక్కెర ముందే కలిపి ఉంచేచోట్లు ఎక్కువ కాబట్టి షుగర్ ఉన్నవాళ్లకు రెండు గుక్కలు చాలని చెప్పండి.

ఇక్కడ వన్ బై టూ చెప్పండి, మనిషికి అరకప్పు. ఒక ఉస్మానియా, ఒక టై బిస్కెట్. అంతకు మించి ఇస్తే నహారీ దగ్గర చేతులెత్తేస్తారు. ఉస్మానియాను ఒకటి, రెండు అనేలోపు చాయ్‌లోంచి తీసేయాలి. మూడు అంటే సగం కప్పు అడుగున ఉంటుంది.

*ఏడు, గుల్జార్ హౌజ్.* నాలుగు కమాన్‌ల (తోరణ ద్వారాల) నడుమ ఉన్న ఫౌంటెన్ ఇది. చార్మినార్ నుంచి రెండు మూడు నిమిషాల నడక. ఇక్కడి గోవింద్ బండి మీద వెన్న దోశ పెనం మీదే ఉప్మా, కారప్పొడి పూసుకుని తయారవుతుంది. పాతబస్తీ తిండంటే మాంసమే అనుకుని వచ్చేవాళ్లకు ఈ మజిలీ అవసరం. శాకాహారులకు ఇది మొక్కుబడి ప్లేటు కాదు, అందరూ తినేదే వాళ్లూ తింటారు. నలుగురికి ఒక దోశ, ఒక తవా ఇడ్లీ ప్లేటు. ఆదివారం బండి చుట్టూ జనం మూగుతారు. ఆ రోజు మీ వెంట ఉన్న రెండో మనిషిని ముందే పంపి వరుసలో నిలబెట్టండి.

రెండో మనిషి తప్పనిసరి. మీరు ముందు నడిస్తే అతను చివర నడవాలి. ఫోటో కోసం ఆగిపోయే ఒక్కరి వల్ల ఏడుగురు నడిరోడ్డు మీద ఆగుతారు.

*ఏడున్నర, పత్తర్‌గట్టి.* ఇక్కడ తిండి లేదు, కావాలనే పెట్టిన విరామం. 1908 మూసీ వరద తర్వాత ఊరిని తీర్చిదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఈ రాతి దుకాణాల వరస ఆ బోర్డు పనే. దుకాణాలు ఇంకా తెరవరు కాబట్టి ఆ వేళప్పుడు తోరణాలు నిండుగా కనిపిస్తాయి. ఐదు నిమిషాలు చాలు. చరిత్ర చెప్పేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి: తెలిసింది తెలిసినట్టు, విన్నది "అంటారు" అని. చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం, ఉస్మానియా బిస్కెట్ పుట్టుక, భాగమతి కథ, ఇవన్నీ రెండో ఖాతాలోకే. గుంపులో ఒక్కరైనా ఫోన్ తీసి వెతుకుతారు.

*ఏడు ముప్పావు, నహారీ.* మదీనా, నయాపుల్ మధ్య పొద్దుటి తిండికి పేరున్న హోటళ్లున్నాయి, నయాబ్ వాటిలో ఒకటి. నడక మొత్తానికి ఇదే గుండెకాయ, ముప్పావుగంట ఇక్కడే. ముందురోజు సాయంత్రం వెళ్లి ఎంతమంది వస్తున్నారో చెప్పి రండి. ధర తగ్గించమని అడగకండి. బల్ల పట్టి ఉంచమని, నహారీ తీసి పెట్టమని మాత్రం అడగండి.

ఎనిమిది మందికి: నహారీ మూడు ప్లేట్లు (ఒకటి జబాన్ అంటే నాలుక, ఒకటి పాయా, ఒకటి రెండూ కలిపి), కీమా రెండు, మసూర్ పప్పు కిచిడీ రెండు, దాంతో వచ్చే ఖట్టా, నాన్ నాలుగు. నాన్‌లు ఒకేసారి తెప్పించకండి. రెండు తిన్నాక రెండు. పది నిమిషాలు గాలి తగిలితే చాలు, నాన్ చెప్పుతోలు అవుతుంది.

తినే పద్ధతి ఒకసారి చేసి చూపించండి. నహారీ పలుచగా ఉంటుంది, పైన కొవ్వు తేలుతుంది. మొదటి ముద్ద నిమ్మకాయ పిండకుండా తినమనండి, పొట్లీ మసాలా వాసన అప్పుడే తెలుస్తుంది. దినుసులు గుడ్డలో మూటగట్టి ఉడకబెడతారు కాబట్టి పంటికింద ఏమీ తగలదు, వాసన మాత్రం నిలుస్తుంది. తర్వాత నిమ్మకాయ పిండి, నాన్ ముక్క పులుసులో రెండు నిమిషాలు నాననిచ్చి తినాలి. నాలుక తినడానికి వెనకాడేవాళ్లకు అది ఏమిటో ముందు చెప్పండి, బలవంతం చేయకండి. ఖట్టా చింతపండు పులుసు, అందులో నువ్వులు పడతాయి. నువ్వులు పడనివాళ్లు ఉంటే ఇక్కడే ఆపాలి. కిచిడీ ఉత్తగా తింటే చప్పన, ఖట్టా ఉత్తగా తాగితే పులుపు. రెండూ కలిపి, పైన కీమా వేసుకుంటేనే పదార్థం అవుతుంది.

ఇక ఎంగిలి సంగతి. పంచుకుని తినే నడకలో మన జనం పైకి చెప్పకుండా ఇబ్బంది పడేది దీని దగ్గరే. హోటల్ వాళ్లు ప్లేట్లు తెచ్చి మధ్యలో పెట్టి వెళ్లిపోతారు. ఎవరో ఒకరు తన చేతి ముక్క అందులో ముంచుతారు, పక్కనున్న ఇద్దరు "కడుపు నిండిందండీ" అంటారు. వాళ్ల కడుపేం నిండలేదు. కూర్చోగానే ఎనిమిది ఖాళీ ప్లేట్లు, ఎనిమిది గిన్నెలు అడగండి. వడ్డించే గరిటెలు సంచిలో మీరే నాలుగు తెచ్చుకోండి. అందరికీ మీరే వడ్డించాక అప్పుడు తినమనండి.

*ఎనిమిదిన్నర, మీరాలం మండీ మీదుగా పురానీ హవేలీ.* తిన్నాక నడక ఉండాలి, కుర్చీలోంచి లేవగానే ఆటో ఎక్కిస్తే నిద్రే గుర్తుంటుంది. పత్తర్‌గట్టి రోడ్డు మీదున్న కమాన్‌లోంచి మండీలోకి తిప్పండి. సరుకు దిగే వేళ కాబట్టి బండ్లకు దారి ఇస్తూ ఒకే వరుసలో నడవాలి. అటు పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ ఉంది, 1851 నుంచి నడుస్తున్న దుకాణం. నాలుగు మూలలున్న చార్ కోనీ నాన్ ఇక్కడి పేరు. పిండి ముద్దను నాలుగు మూలలుగా మడిచి, నేలలోకి దిగిన భట్టీ గోడకు కొట్టి అతికిస్తారు. పనివాళ్లను అడిగి ఒక పక్కన ఇద్దరిద్దరుగా నిలబడితే పని కనిపిస్తుంది, వేడి తెలుస్తుంది. ఆ రోజు మొదటి వాయి ఎన్నింటికో ముందురోజే కనుక్కోండి. కుదరకపోతే ఈ మజిలీ తీసేయండి, మూసిన షట్టరు ముందు కథ చెప్పకండి. ఇక్కడ తినేదేం లేదు. మనిషికి రెండు నాన్‌లు కాగితంలో చుట్టించి ఇంటికి పంపండి. ప్లాస్టిక్ కవర్లో వేడి నాన్ పెడితే చెమ్మ పట్టి ఇంటికి చేరేలోగా మెత్తబడుతుంది.

సంచిలో ఏముండాలి

మనిషికి అరలీటరు సీలు నీళ్ల బాటిల్ (మంచినీళ్ల జగ్గుల మీద ఆధారపడకండి), కాగితం రుమాళ్లు, చేతులకు సబ్బు, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, గరిటెలు, భుజాలు కప్పుకోడానికి రెండు చున్నీలు. ఎవరైనా మసీదు చూస్తామంటే చున్నీ అవసరం పడుతుంది. నమాజ్ వేళ మాత్రం లోపలికి తీసుకెళ్లకండి. శుక్రవారమైతే పదింటికల్లా ఆ చుట్టుపక్కల మీ గుంపు లేకుండా చూసుకోండి, మధ్యాహ్నం నమాజుకు జనం చేరడం మొదలవుతుంది.

డబ్బు

బిల్లులన్నీ మీరే కట్టాలి. ప్రతి మజిలీలో ఎనిమిది ఫోన్లు స్కాన్ చేస్తుంటే పావుగంట పోతుంది. టికెట్ ధరలో తిండి ఖర్చు మూడోవంతు దాటకుండా చూసుకోండి. మిగతాదాంట్లో రెండో మనిషి కూలి, నీళ్లు, బక్షీషులు, మీరు ఒంటరిగా తిని తిరిగిన పొద్దులు అన్నీ రావాలి. హోటళ్ల దగ్గర కమీషన్ తీసుకోకండి. తీసుకున్న రోజు నుంచి మీ గుంపు ముందుకు నిన్నటి నాన్ వస్తుంది, నోరెత్తి అడగలేరు. ఎనిమిదికి బదులు పన్నెండు మందిని తీసుకెళ్తే లాభం ఎక్కువే, కాని నాలుగు మందికి ఒక బల్ల చొప్పున మూడు బల్లలు ఒకచోట దొరకవు. మూడో బల్లవాళ్లకు మీ మాట వినపడదు, మంచి రేటింగూ రాదు.

రంజాన్‌లో

ఈ నడక రంజాన్ నెలలో పొద్దున పనికిరాదు. రోజా (ఉపవాసం) ఉన్న వీధిలో గుంపుగా నిలబడి తినడం మర్యాద కాదు. ఇఫ్తార్ అయ్యాక, మగ్రిబ్ నమాజ్ దాటిన అరగంటకు మొదలుపెట్టి హలీమ్ చుట్టూ దారి మార్చుకోండి. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి బార్కస్ పేటలో స్థిరపడిన అరబ్బుల ద్వారా వచ్చిన వంట ఇది అంటారు. హైదరాబాద్ హలీమ్‌కు 2010లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. గోధుమ, మాంసం, నెయ్యి గంటలకొద్దీ ఉడికించి కర్రతో మెదిపిన పదార్థం కాబట్టి ఇద్దరికి ఒక గిన్నె చాలు. వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే గట్టిపడి గొంతుకు అడ్డం పడుతుంది. జనం విపరీతంగా ఉంటారు, గుంపును ఆరుగురికి కుదించండి. చార్మినార్ దగ్గర ఆ రాత్రుల్లో ఆటో దొరుకుతుందని నమ్ముకోకండి. నయాపుల్ దాటేదాకా నడిపించి అక్కడ ఎక్కించండి.