ఇంటి కంప్యూటర్‌కి యాంటీవైరస్ కొనాలా?

కొత్త ల్యాప్‌టాప్ కొంటుంటే షాపువాళ్లు బిల్లులో యాంటీవైరస్ కూడా కలపబోతారు. వద్దంటే "తర్వాత వైరస్ వస్తే మమ్మల్ని అడగొద్దండీ" అంటారు. విండోస్ 10 గానీ 11 గానీ ఉన్న ఇంటి కంప్యూటర్‌కి ఆ ఖర్చు అక్కర్లేదు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్‌లోనే కలిసి వస్తోంది. అంతకుముందు విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో అలా ఉండేది కాదు. యాంటీవైరస్ కొనకుండా నెట్ పెట్టొద్దన్న మాట అప్పటిది, ఇంకా జనం నోళ్లలో నానుతోంది.

అయితే డిఫెండర్ ఉండటం వేరు, పనిచేస్తుండటం వేరు. స్టార్ట్ నొక్కి 'విండోస్ సెక్యూరిటీ' అని టైప్ చేసి తెరవండి. అందులో 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్'లోకి వెళ్లండి. అక్కడ వేరే కంపెనీ పేరు కనిపిస్తే డిఫెండర్ పక్కకు తప్పుకుందన్నమాట. చాలా ల్యాప్‌టాప్‌లలో ఇది ఫ్యాక్టరీలోనే వేసి పంపిన ట్రయల్. గడువు తీరాక దానికి కొత్త వైరస్‌ల వివరాలు అందవు, రెన్యూ చేయమని మాత్రం రోజూ అడుగుతుంది. డబ్బు కట్టే ఉద్దేశం లేకపోతే సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లోకి వెళ్లి దాన్ని తీసేయండి. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే డిఫెండర్ తనంతట తానే పనిలోకి దిగుతుంది. అదే పేజీలో ఆకుపచ్చ టిక్ వచ్చిందో లేదో మళ్లీ చూడండి. రెండు యాంటీవైరస్‌లుంటే రెట్టింపు రక్షణ అనుకోకండి. రెండూ ఒకే ఫైలు కోసం కొట్లాడుకుంటాయి, మధ్యలో నెమ్మదించేది మీ కంప్యూటర్.

ఆ పేజీలోనే 'మేనేజ్ సెట్టింగ్స్' నొక్కితే రియల్ టైమ్ ప్రొటెక్షన్, క్లౌడ్ డెలివర్డ్ ప్రొటెక్షన్, టాంపర్ ప్రొటెక్షన్ అన్నీ ఆన్‌లో ఉండాలి. ఇంకా కిందికి దిగితే 'ఎక్స్‌క్లూజన్స్' ఉంటుంది. ఎవరూ అంత దూరం వెళ్లరు గానీ, అసలు చూడాల్సింది అదే. డిఫెండర్‌కు 'ఈ ఫోల్డర్ జోలికి రావద్దు' అని చెప్పే జాబితా అది. ఇంటి కంప్యూటర్‌లో అది ఖాళీగా ఉండాలి. అందులో సి డ్రైవ్ మొత్తంగానీ, మీరు ఎరగని ఫోల్డర్‌గానీ ఉంటే, ఏదో క్రాక్ సాఫ్ట్‌వేర్ (డబ్బు కట్టకుండా వాడుకునేలా లైసెన్స్ తాళం విరిచినది) వేసినప్పుడు చేరిందనే అనుమానించాలి. వెంటనే తీసేసి ఫుల్ స్కాన్ పెట్టండి.

క్రాక్‌ల మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పాలి. విండోస్‌నీ ఆఫీస్‌నీ ఉచితంగా యాక్టివేట్ చేస్తామనే ప్రోగ్రాములు 'ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి' అని అడుగుతాయి. వీధి తలుపు మీరే తీసిపెట్టాక ఎన్ని వేల రూపాయల తాళం కొన్నా ఒకటే. ఫైళ్లను తాళం వేసి డబ్బు అడిగే స్టాప్ డిజేవూ అనే రాన్సమ్‌వేర్ ఎక్కువగా పాకింది ఈ క్రాక్‌లూ, దొంగ లైసెన్స్ కీలు తయారుచేసే కీజెన్‌ల ద్వారానే. డబ్బు లేకపోతే ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్ వాడుకోండి, యూనికోడ్ తెలుగు అందులో బాగానే పనిచేస్తుంది.

రాన్సమ్‌వేర్‌ను అడ్డుకునే 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' డిఫెండర్‌లో ఉంది గానీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లలో నమ్మకమైన ప్రోగ్రాములు మాత్రమే రాయగలవు. పేజ్‌మేకర్ లాంటి పాత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు సేవ్ కాకుండా మొరాయిస్తే కారణం ఇదే కావచ్చు. 'అలౌ యాన్ యాప్' నొక్కి ఆ ప్రోగ్రామ్‌ను చేర్చండి.

మన దగ్గర వైరస్ ఇంట్లోకి వచ్చే పాత దారి పెన్‌డ్రైవ్. జెరాక్స్ షాపులోనో నెట్ సెంటర్‌లోనో మార్కుల మెమో ప్రింట్ తీయించుకుని ఇంటికొచ్చి చూస్తే, ఫైళ్లు ఒక్కటీ కనబడవు. పెన్‌డ్రైవ్ పేరుతోనే ఒక షార్ట్‌కట్ ఉంటుంది, బొమ్మ మూలన చిన్న బాణం గుర్తుతో. ప్రాపర్టీస్‌లో చూస్తే 5 జీబీ నిండినట్టుంటుంది, కళ్లకు కనిపించే ఫైలు సైజు మాత్రం 1 లేదా 2 కేబీ. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. వైరస్ వాటిని దాచేసి, ముందు ఈ షార్ట్‌కట్‌ను నిలబెట్టింది. దాన్ని డబుల్ క్లిక్ చేస్తే వైరస్ మీ కంప్యూటర్‌లోకి దిగుతుంది, ఆ వెంటనే మీ ఫైళ్లూ తెరుచుకుంటాయి. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

అలాంటిది కనిపిస్తే ఏమీ డబుల్ క్లిక్ చేయకండి.

1. 'దిస్ పీసీ'లో పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి 'స్కాన్ విత్ మైక్రోసాఫ్ట్ డిఫెండర్' నొక్కండి. విండోస్ 11లో కనబడకపోతే 'షో మోర్ ఆప్షన్స్' కింద ఉంటుంది.
2. స్కాన్ అయ్యాక ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో కింద 'హిడెన్ ఐటమ్స్', 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' రెండింటికీ టిక్ పెట్టండి. అప్పటికీ కనబడకపోతే ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌కి వెళ్లి 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' అన్నచోట టిక్ తీసేయండి. పేరు లేని ఫోల్డర్ ఒకటి బయటపడొచ్చు, మీ ఫైళ్లు అందులో ఉంటాయి.
3. ఫోటోలు, పీడీఎఫ్‌లు, వర్డ్ ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకోండి. పేరు చివర ఈఎక్స్ఈ, వీబీఎస్, ఎల్ఎన్‌కే ఉన్నవాటిని ముట్టుకోవద్దు.
4. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి, తీసేసిన టిక్ మళ్లీ పెట్టేయండి.

షాపులకు తీసుకెళ్లడానికి ఒక చిన్న పెన్‌డ్రైవ్ విడిగా ఉంచుకుంటే మంచిది. అందులో ఆ రోజు ప్రింట్ తీసే ఫైలు తప్ప మరేమీ ఉండకూడదు.

ఇక డిఫెండర్ అయినా, డబ్బు పోసి కొన్నదైనా కచ్చితంగా ఆపుతుందని చెప్పలేనివి ఉన్నాయి. ఏదో సైటులో 'మీరు మనిషేనని నిరూపించండి' అంటూ విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కమని, తర్వాత కంట్రోల్ వి, ఎంటర్ కొట్టమని అడుగుతారు. అసలైన పరీక్ష ఏదీ అలా అడగదు. ఆ వరుసలో మీరు మీ చేత్తోనే వాళ్ల ఆదేశాన్ని అతికించి నడిపిస్తున్నారు. 'బ్యాంకు నుంచి' ఫోన్ చేసి స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించేవాళ్లదీ అదే దారి. ఆ యాప్ వైరస్ కాదు కాబట్టి యాంటీవైరస్ దాన్ని ఏమీ అనదు.

స్క్రీన్ కుడివైపు కింది మూలన 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు, లైసెన్స్ ముగిసింది' అని వస్తుంటే, అది చాలాసార్లు ఏదో వెబ్‌సైటు పంపే నోటిఫికేషన్. ఎప్పుడో చూసుకోకుండా 'అలౌ' నొక్కి ఉంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి తెలియని సైట్లన్నీ తీసేస్తే ఆగిపోతుంది.

అప్‌డేట్ల విషయంలో మాత్రం బద్ధకం పనికిరాదు. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా విరుచుకుపడినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన విండోస్ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇంటి వినియోగదారులకు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకాన్ని తర్వాత ఒక ఏడాదికి పెట్టారు. మీ కంప్యూటర్ 11కి మారగలిగితే మార్చేయండి. కన్నాలున్న విండోస్ మీద కొన్న యాంటీవైరస్ ఆ కన్నాలను పూడ్చదు.

యాంటీవైరస్ కొనకుండా మిగిలిన డబ్బుతో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. నెలకోసారి ఫోటోలు, కాగితాలు కాపీ చేసి, వైరు పీకి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్నీ తాళం వేస్తుంది.

వైరస్ పట్టిందని గట్టి అనుమానం ఉంటే తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసి, 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్' పేజీలోని స్కాన్ ఆప్షన్స్‌లో 'మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్' ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యి, విండోస్ పూర్తిగా తెరుచుకోకముందే వెతుకుతుంది, పావుగంట పడుతుంది. ఈలోగా మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఫోన్ నుంచి మార్చేయండి, ఆ కంప్యూటర్ నుంచి వద్దు. ఖాతాలో డబ్బు పోయిందని తెలిస్తే స్కాన్ సంగతి తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.