ఇల్లూ ఉద్యోగమూ వదలకుండా ‘నేనెవరు?’ విచారణ చేసే పద్ధతి

ఆధ్యాత్మిక మేల్కొలుపు అనగానే చాలామంది కళ్లముందు వెలుగులు, వెన్నులో ప్రకంపనలు ఊహించుకుంటారు. రమణ మహర్షి చూపిన దారిలో దాని ఆనవాలు చాలా మామూలుగా ఉంటుంది. ఎవరో ఒక మాట అంటారు, ‘నన్నే అన్నారు’ అని లోపల ఒక ‘నేను’ లేస్తుంది. అది లేస్తుండగానే కనిపెట్టగలిగితే పని మొదలైనట్టే.

1896 జులైలో, మదురైలో, పదహారేళ్ల వేంకటరామన్‌ని (తర్వాత రమణ మహర్షి అయింది ఈయనే) ఉన్నట్టుండి చావుభయం పట్టుకుంది. దేహం పోతే పోయేది ఎవరని లోపలికి చూసుకుంటే కొద్దిసేపట్లోనే విషయం తేటపడింది. అందరికీ అలా జరగదు కాబట్టే అడిగినవాళ్లకు ఆయన సాధన చెప్పారు. 1902లో ఆయన ఉంటున్న అరుణాచలం (తిరువణ్ణామలై) వచ్చి, మౌనంగా ఉన్న ఆయన దగ్గర రాతపూర్వకంగా జవాబులు తీసుకున్న శివప్రకాశం పిళ్లై రెవెన్యూ శాఖలో ఉద్యోగి. అంటే ఈ పద్ధతి తొలినుంచీ ఆఫీసుకు వెళ్లేవాళ్ల చేతిలోనే ఉంది.

కూర్చోవడం

పొద్దున్నే, ఫోను చూడకముందు, ఇరవై నిమిషాలు చాలు. కాఫీ తాగినా ఫర్వాలేదు గానీ టిఫిన్ తిన్నాక వద్దు, నిద్ర ముంచుకొస్తుంది. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో కూర్చోండి. వెన్ను నిటారుగా ఉండాలి, బిగుసుకుపోకూడదు.

మొదటి మూడు నాలుగు నిమిషాలు ఊపిరిని ఊరికే గమనించండి. బిగపట్టవద్దు, లెక్కపెట్టవద్దు. మనసూ ప్రాణమూ ఒకేచోటునుంచి పుడతాయి, అందుకే ఊపిరి నెమ్మదిస్తే మనసూ నెమ్మదిస్తుందని మహర్షి చెప్పేవారు. ఇది మొదటి మెట్టు మాత్రమే, ఇక్కడే ఆగిపోవద్దు.

ఇంతలో ఒక తలపు వస్తుంది. ‘ఈ నెల ఈఎంఐ కట్టామా?’ దాన్ని తరమవద్దు, దాని వెంట పోవద్దు. ‘ఈ తలపు ఎవరికి వచ్చింది?’ అని ఒక్కసారి అడగండి. ‘నాకు’ అని తోస్తుంది. ‘ఆ నేను ఎవరు?’ అని అడిగి, అక్కడితో మాటలు ఆపేయండి. ‘ఉన్నాను’ అనే ఎరుక ఒకటి పేరూ ఊరూ లేకుండా మిగులుతుంది. దృష్టిని దానిమీద ఉంచాలి. మొదట్లో అది రెండు మూడు క్షణాలకంటే నిలవదు, మళ్లీ తలపు వస్తుంది, మళ్లీ అదే ప్రశ్న. ఇరవై నిమిషాల్లో ముప్పై నలభైసార్లు ఇలా తిరిగి రావలసి వచ్చిందంటే సాధన చెడినట్టు కాదు, తిరిగి రావడమే సాధన. చితిని కదిపే కర్ర చివరికి తానూ కాలిపోయినట్టు, ఈ ప్రశ్న కూడా చివరికి పోతుందని మహర్షి అన్నారు.

ఎక్కడ తప్పుతుంది

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ‘నేనెవరు, నేనెవరు’ అని జపంలా తిప్పడం. అప్పుడు దృష్టంతా మాటల మీదే ఉంటుంది, అడుగుతున్నవాడి వైపు తిరగదు. రెండోది, ‘నేను బ్రహ్మను’ అని చదువుకున్న జవాబు ఇచ్చుకోవడం. అదీ ఒక తలపే కాబట్టి దాన్నీ ‘ఎవరికి?’ అని అడగాల్సిందే.

మూడోది పోల్చుకోవడం కష్టం. ఏ తలపూ లేక హాయిగా, మసకగా ఉంటుంది, గంట గడిచినా తెలియదు. అది మనోలయం, అంటే మనసు పోకుండా కొంతసేపు అణగి ఉండడం. దాని గురించి మహర్షి ఒక కథ చెప్పేవారు. గంగ ఒడ్డున యోగి ఒకాయన శిష్యుణ్ణి నీళ్లు తెమ్మని సమాధిలోకి వెళ్లాడు. ఎన్నో ఏళ్లకు లేచి, మొట్టమొదట అడిగింది ‘నీళ్లేవీ?’ అని. ఆ తలపు అన్నాళ్లూ అలాగే దాక్కుని ఉంది. అందుకే హాయి వచ్చినచోట ఆగకుండా ‘ఈ హాయి ఎవరికి?’ అని అడగండి. మసక వీడకపోతే కళ్లు తెరిచి, లేచి పది అడుగులు నడిచి మళ్లీ కూర్చోండి.

జపం అలవాటున్నవాళ్లు మానాల్సిన పనిలేదు. బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని ఎన్నో ఏళ్లు మంత్రజపం చేసి, 1907 నవంబరులో తపస్సంటే ఏమిటని మహర్షినే అడిగారు. ‘నేను’ ఎక్కడ పుడుతుందో చూస్తే మనసు అక్కడే లీనమవుతుంది, మంత్రం జపిస్తే ఆ నాదం ఎక్కడ పుడుతుందో చూడు, అదే తపస్సు అన్నది జవాబు. గాయత్రి చేసేవాళ్లు రోజూ చేసే సంఖ్యలో చివరి పదిసార్లయినా ఇలా చేసి చూడండి.

రోజంతా

పొద్దుటి ఇరవై నిమిషాలకు అసలు పరీక్ష పగలు ఉంటుంది. ‘రోజంతా ఎరుకతో ఉంటాను’ అని పెట్టుకుంటే రెండోరోజే మరిచిపోతారు. రోజూ తప్పనిసరిగా జరిగే పనులు మూడే ఎంచుకోండి: ఇంటికి తాళం వేయడం, ఫోను మోగడం, అన్నంలో మొదటి ముద్ద. ఒక్కోచోట ఒక్క ఊపిరిసేపు ‘ఎవరు?’ అని లోపలికి చూస్తే చాలు. బండి నడుపుతున్నప్పుడు మాత్రం వద్దు, అప్పుడు దృష్టి రోడ్డుమీదే ఉండాలి. పని అడ్డొస్తుందనీ అనుకోవద్దు. తెల్లవారకముందే ఆశ్రమం వంటింట్లో కూర్చుని మహర్షి కూరలు తరిగేవారు.

కోపం వచ్చినప్పుడు ముందు ఒళ్లే చెబుతుంది: గొంతు బిగుస్తుంది, చెవులు వేడెక్కుతాయి. జవాబివ్వకముందు ఒక్క ఊపిరి ఆగి, ‘ఈ దెబ్బ ఎవరికి తగిలింది?’ అని చూడండి. కోపాన్ని మింగమని దీని అర్థం కాదు. చూసిన తర్వాత చెప్పాల్సిన మాట గట్టిగానే చెప్పవచ్చు. మొదట్లో ఇది గొడవైన గంటకు గుర్తొస్తుంది, తర్వాత గొడవ మధ్యలో, ఇంకా తర్వాత నోరు తెరవకముందు. ఎదుగుదల కొలవాలంటే ఈ వ్యవధిని చూడండి, ధ్యానంలో కనబడ్డ రంగుల్ని కాదు.

‘అంతా మాయే’ అని పిల్లాడి జ్వరాన్నీ, తీర్చాల్సిన అప్పునీ పక్కన పెట్టడం ఈ దారి కాదు. ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్లు ‘దెబ్బ ఎవరికి?’ అని ఓర్చుకోవడం అసలే కాదు, ముందు సాయం అడిగి క్షేమంగా బయటపడాలి. చుట్టూ ఉన్నదంతా నిజం కానట్టు భయం పుట్టినా, వరసగా నిద్ర పట్టకపోయినా సాధన ఆపేయండి. వేళకు తిని, నడిచి, మనుషులతో మాట్లాడండి, తగ్గకపోతే మానసిక వైద్యులను కలవండి. ఇప్పటికే మందులు వాడుతుంటే వాటిని మానొద్దు.

నెల గడిచాక సమయం పెంచాలనిపిస్తే పొద్దుటిదాన్ని గంటకు లాగకుండా, రాత్రి పడుకునేముందు ఇంకో పది నిమిషాలు చేర్చండి.