తాతల నాటి మిలటరీ తుపాకీ ఇంట్లో బయటపడిందా? చట్టప్రకారం మన పేరున ఉంచుకుని, బాగుచేసుకోవడం ఎలా?

విజయనగరం, శ్రీకాకుళం వైపు పాత మండువా ఇళ్లలో అటక దులిపితే గంగాళాలు, గుండిగలతో పాటు ఒక్కోసారి గోనెపట్టాలో చుట్టిన పొడుగాటి తుపాకీ కూడా దొరుకుతుంది. సంస్థానం కొలువులో ఉన్న ముత్తాతదో, పల్టనులో చేసి వచ్చిన తాతదో అయి ఉంటుంది. "అది పనిచెయ్యదురా, ఎప్పుడో పాడుచేసేశారు" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ఆ మాటను నమ్మి ఊరుకోవద్దు, కంగారుపడి ఏ నూతిలోనో పారెయ్యనూ వద్దు. రెండూ ప్రమాదమే.

ముందు చెయ్యి వెనక్కి తియ్యండి

మూతి నుంచి మందు కూరి పేల్చే పాత తుపాకుల్లో, ఎవరో ఎప్పుడో కూరిన మందుగుండు అలాగే ఉండిపోయి ఉండొచ్చు. పొడిగా ఉంటే ఆ పాత తుపాకీమందు నూరేళ్ల తర్వాతా అంటుకుంటుంది. అందుకే గొట్టం మీద వేడి తగలనివ్వకూడదు, వెల్డింగ్ చేయించకూడదు, ట్రిగ్గర్ లాగి చూడకూడదు. పోలీసు ఆర్మరర్ (ఆయుధాల బాగోగులు చూసే ఉద్యోగి) దీన్ని చాలా సులువుగా తేల్చేస్తారు. సన్నని కర్ర పుల్లను గొట్టంలోకి దింపి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూస్తారు. పుల్ల అడుగు దాకా చేరకుండా కొన్ని అంగుళాల ముందే ఆగిపోయిందంటే లోపల ఏదో ఉన్నట్టే. ఈ పని మీరు ప్రయత్నించకండి.

తుపాకీకి కాగితాలేవీ లేకపోతే ముందు ఒక లాయర్‌తో మాట్లాడి, తర్వాత మీ పోలీస్ స్టేషన్‌కి రాతపూర్వకంగా తెలియజేయండి. దాన్ని బండి మీద పెట్టుకుని స్టేషన్‌కి తీసుకెళ్లొద్దు. విషయం చెప్పి, వాళ్లనే వచ్చి తీసుకెళ్లమనండి. లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకున్న తుపాకీకి, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, 2 నుంచి 5 ఏళ్ల వరకు జైలు పడొచ్చు. మనంతట మనమే వెళ్లి చెప్పడానికీ, ఎవరో చెబితే వాళ్లు రావడానికీ చాలా తేడా ఉంది.

కాగితాలు వెతకండి

పాత లైసెన్సు పుస్తకం, పనిచేయకుండా చేసినట్టు సర్టిఫికెట్, కొన్న రసీదు ఉన్నాయేమో చూడండి. ఎన్నికలప్పుడు తుపాకులు స్టేషన్‌లో డిపాజిట్ చేయించుకుని రసీదు ఇస్తారు కదా, ఆ చిన్న కాగితాలు పారెయ్యకండి. తుపాకీ మీ కుటుంబం చేతిలో ఎన్నాళ్లుగా ఉందో చెప్పే సాక్ష్యం ఒక్కోసారి అదొక్కటే.

లైసెన్సు కావాలా, అక్కర్లేదా?

1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ ప్రకారం, కాలం చెల్లిన నమూనా ఆయుధం, పురాతన విలువ ఉన్నది, లేదా పాడైపోయినది, రిపేరు చేసినా చేయకపోయినా తుపాకీగా వాడటానికి పనికిరాని స్థితిలో ఉంటే చట్టం వర్తించదు. ఇక్కడ "రిపేరు చేసినా" అన్న మాట దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. తుప్పుతో బిగుసుకుపోయిన తుపాకీ పాతదే కావచ్చు, కానీ తుప్పు వదిలిస్తే పేలేటట్టుంటే అది తుపాకీయే. పేలకుండా గొట్టం శాశ్వతంగా మూసేసి ఉందా, లేదా అన్నది మనం తేల్చే విషయం కాదు. నిపుణుల పరీక్ష అడగండి, ఫలితం కాగితం మీద తీసుకోండి. నోటిమాటతో ఇంటికి రాకండి.

లైసెన్సు అవసరమని తేలితే కలెక్టర్, అంటే జిల్లా మేజిస్ట్రేట్‌కి దరఖాస్తు చేసుకోవాలి. 2016 ఆయుధాల నిబంధనల్లో వారసులకు ప్రత్యేకంగా వీలు ఉంది. లైసెన్సుదారు చనిపోయాక వారసుడికి ఇవ్వొచ్చు. బతికి ఉండగానే, ఆయనకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గరున్నా, తాను సూచించిన వారసుడికి ఇవ్వొచ్చు. పెద్దాయన ఆరోగ్యంగా ఉండగానే ఈ పని చేసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. మరణ ధృవీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న పత్రం సిద్ధంగా ఉంచుకోండి. ఆడపడుచుల సంతకాలు మర్చిపోకండి, ఫైలు ఎక్కువగా ఆగేది అక్కడే. 21 ఏళ్లు నిండనివారికి ఇవ్వరు. ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవీ అందులోకే వస్తాయి. త్రీ నాట్ త్రీ (.303) లాంటి మిలటరీ బోర్ (గొట్టం లోపలి కొలత) అయితే విషయం కేంద్ర హోం శాఖ దాకా వెళ్తుంది, దానికి ఓపిక కావాలి. లైసెన్సు వచ్చేదాకా తుపాకీ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్‌లో ఉండాలి.

నూరేళ్లు దాటిన వస్తువైతే 1972 పురావస్తువుల చట్టమూ గుర్తుంచుకోండి. విదేశాల్లో ఉన్న అన్నయ్యకు పార్సిల్ చేద్దామనుకోవద్దు.

బాగుచేయడమంటే కొత్తగా చేయడం కాదు

ఇక్కడ నా మనసులో మాట చెప్పాలి. మా పెదనాన్న ఒక దసరాకి ముందు, మా ఇంటి తుపాకీని చింతపండు, ఇటుకపొడి పెట్టి ఇత్తడి బిందె తోమినట్టు తోమారు. తళతళలాడింది. కానీ లాక్ ప్లేటు (పేల్చే యంత్రం బిగించిన పక్క రేకు) మీద, హ్యామర్ (పేల్చే సుత్తి) ముందు చెక్కిన సంవత్సరంలో "18" ఒక్కటే మిగిలింది. పక్కన రెండు అంకెలూ పోయాయి. కిరీటం గుర్తు గోటితో తడిమితే తప్ప తెలియదు. అది 1857కి ముందుదో తర్వాతదో ఇక మాకు ఎప్పటికీ తెలియదు. ఆయన ప్రేమతోనే చేశారు, అందుకే ఇప్పటికీ బాధ.

కాబట్టి పరీక్ష, కాగితాలు అయ్యి తుపాకీ చేతికొచ్చాక, ముందు ప్రతి గుర్తునూ ఫొటో తీయండి. ఏటవాలుగా టార్చి వెలుతురు వేస్తే అరిగిన అక్షరాలు కూడా పైకి కనిపిస్తాయి. చింతపండు, నిమ్మరసం, గరుకు కాగితం, బ్రాసో ఏవీ వద్దు. చేతులకు గ్లౌజులు వేసుకోండి, చెమటలోని ఉప్పు ఇనుమును తింటుంది. ఎర్ర తుప్పు మీద పల్చటి మెషిన్ ఆయిల్ రాసి ఒక రోజు వదిలెయ్యండి. తర్వాత అన్నిటికన్నా సన్నరకం స్టీల్ ఉన్నితో, గుర్తులున్న చోటు వదిలేసి, మెత్తగా రుద్దండి. కింద ముదురు గోధుమరంగు పొర కనిపించగానే ఆపెయ్యండి. ఆ పొర వయసుతో వచ్చింది, ఇనుమును కాపాడేది కూడా అదే.

కర్ర భాగాన్ని కొంచెం తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక మైనం పూత వెయ్యండి. చెదలు తిన్నచోట పుట్టీ నింపి వార్నిష్ కొట్టించకండి. అవిసెనూనె వాడేవాళ్లు ఒకటి గమనించాలి: నూనె పీల్చిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

ఊడదీయడం, బిగించడం లైసెన్సున్న గన్‌స్మిత్ పని. ఊళ్లో కమ్మరికి ఇవ్వకండి, అతనికీ మీకూ కేసు అవుతుంది. మూసేసిన గొట్టాన్ని తెరవడం, ఊడిన భాగాలకు కొత్తవి పెట్టి పేలేలా చేయడం తలపెట్టనే వద్దు. పని కోసం విశాఖ పంపినా, కాగితాల నకళ్లు వెంట ఉండాలి.

కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్లలో గాలిలోనే ఉప్పుంటుంది. అక్కడ గోనెలోనో, తోలు సంచిలోనో చుట్టి పెడితే ఒక్క వర్షాకాలానికే తుప్పు తిరిగొస్తుంది. తాళం ఉన్న చెక్క అల్మారాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో, గోడకు తగలకుండా ఉంచండి. ఆయుధ పూజనాడు పసుపు కుంకుమ ఇనుము మీద పెట్టకండి, తడి ఆరక మచ్చలు పడతాయి. మేం ఇప్పుడు అది ఆనించే చెక్క స్టాండుకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ పెరట్లో కొడుతున్నాం.