పాలిటిక్స్ డిగ్రీకి పర్సనల్ స్టేట్‌మెంట్: మన జిల్లా ప్రశ్నతో రాయండి

"చిన్నప్పటి నుంచి నాకు ప్రజాసేవ అంటే ఇష్టం." బ్రిటన్‌లో పాలిటిక్స్ చదవాలనుకునే మన పిల్లలు దరఖాస్తుతో పంపే స్టేట్‌మెంట్ ఇలా మొదలైతే, మొదటి వాక్యమే వృథా. దాన్ని చదివేది ఆ సబ్జెక్టు పాఠం చెప్పే లెక్చరర్లు, అడ్మిషన్ల సిబ్బంది. మూడేళ్లు ఈ సబ్జెక్టును ఓపికగా తవ్వగలరా అన్నదే వాళ్లు చూస్తారు. కలెక్టర్ కావాలన్న కోరిక, నచ్చిన నాయకుడి మీద అభిమానం, గాంధీ సూక్తి, వీటిలో ఏదీ దానికి రుజువు కాదు.

ముందు ఫారం సంగతి. బ్రిటన్ డిగ్రీ దరఖాస్తులు దాదాపు అన్నీ యూకాస్ అనే ఉమ్మడి దరఖాస్తు సంస్థ ద్వారా వెళ్తాయి. 2026 ప్రవేశాల నుంచి ఒకే పెద్ద వ్యాసం బదులు మూడు ప్రశ్నలు ఇస్తున్నారు: ఈ సబ్జెక్టు ఎందుకు, మీ చదువు దీనికి ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశారు. మూడింటికీ కలిపి 4,000 అక్షరాలు, ఖాళీలతో సహా. ఒక్కోదానికి కనీసం 350 ఉండాలి. ఆ 4,000 అంటే ఇంగ్లిష్‌లో సుమారు 600 పదాలు. పాలిటిక్స్‌కైతే మొదటి రెండింటికే ఎక్కువ చోటివ్వండి: 1,500, 1,500, మిగిలిన వెయ్యిలోపు మూడోదానికి. మార్కులు, టీచర్ ఇచ్చే రెఫరెన్సు ఫారంలో వేరేచోట ఉంటాయి కాబట్టి వాటిని ఇక్కడ మళ్లీ రాయకండి. ఎంచుకున్న ఐదు కోర్సులకూ ఇదే స్టేట్‌మెంట్ వెళ్తుంది. అందుకే ఏ యూనివర్సిటీ పేరూ రాయకూడదు. ఐదింటిలో ఒకటి ఉత్త పాలిటిక్స్, ఇంకొకటి ఎకనామిక్స్ కలిసిన కోర్సు అయితే రెండింటికీ సరిపోయే అంశం వెతుక్కోవాలి.

అసలు పని ప్రశ్న పట్టుకోవడంలో ఉంది. సీమలో పుట్టినవాళ్లకు ప్రశ్నల కరువు లేదు. అంశం వేరు, ప్రశ్న వేరు. "శ్రీబాగ్ ఒప్పందం" అంశం. సీమకు రాజధాని లేదా హైకోర్టు, నీళ్లలో ప్రాధాన్యం ఇస్తామంటూ 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు రాసుకున్న ఆ కాగితం చట్టం కాదు. 1953లో కర్నూలు రాజధాని అయింది, 1956లో పోయింది. అయినా రాజధాని, హైకోర్టు, కృష్ణా నీళ్ల మాట వచ్చిన ప్రతిసారీ ఆ ఒప్పందం పేరు వినిపిస్తుంది. చట్టబద్ధత లేని హామీకి ఇన్ని దశాబ్దాల రాజకీయ బలం ఎక్కడిది? ఇదీ ప్రశ్నంటే. ఇది పట్టుకుంటే రాజ్యం మాటకు విలువ ఎలా వస్తుంది, ఒక రాష్ట్రంలోనే ఒక ప్రాంతానికి విడిగా హక్కులు ఉండవచ్చా అనే సిద్ధాంత చర్చలోకి మీరే నడిచి వెళ్తారు.

అనంతపురం వాళ్లకు ఇంకొకటి. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. చట్టం పనిని హక్కు అంది. మస్టర్‌లో, అంటే పని హాజరు పట్టీలో, పేరు ఎక్కడం మాత్రం ఊళ్లో ఎవరి చేతిలో ఉంటుంది? కడప నుంచి రాసేవాళ్లు ఫ్యాక్షన్ ఎత్తుకుంటే బాంబుల వర్ణన వద్దు. కాంట్రాక్టులు, పోలింగ్ ఏజెంట్లు, పంచాయతీ పదవులు ఒకే గుంపు చేతిలోకి ఎలా వస్తాయో అడగండి. ఈ అంశం సినిమాలా మారిందంటే స్టేట్‌మెంట్ చెడినట్టే.

ప్రశ్న దొరికాక దానికి ఆధారం కావాలి. ఉపాధి పనుల లెక్కలను ఊరి ముందు పరిశీలించే సామాజిక తనిఖీ ప్రజావేదికలో ఒక పూట కూర్చోండి. మీ నియోజకవర్గం ఫారం 20, అంటే ఎన్నికల తుది ఫలితాల పట్టిక, తీసి బూత్‌వారీ ఓట్లు పోల్చండి. సమాచార హక్కు చట్టం కింద అడగాలంటే జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది, కాబట్టి ముందే మొదలుపెట్టాలి. ఇవన్నీ మూడో ప్రశ్నకు సరుకు. ఇంటర్ సివిక్స్, ఎకనామిక్స్, హిస్టరీ రెండో ప్రశ్నకు వెళ్తాయి, కానీ సిలబస్ జాబితాగా కాదు. "రాజ్యాంగం చదివాను" అంటే ఏమీ చెప్పనట్టే. పంచాయతీల్లో మహిళలకు రిజర్వేషన్ తెచ్చిన 73వ సవరణ చదివాక, పంచాయతీలో మహిళా సర్పంచ్ కుర్చీలో భర్త ఎందుకు కూర్చుంటున్నాడన్న అనుమానం మీకు ఎలా తలెత్తిందో, దానికోసం ఇంకేం చదివారో, చదివాక ఏ అభిప్రాయం మారిందో రాయండి. ఆ చివరి ముక్కనే చాలామంది వదిలేస్తారు. లెక్చరర్ వెతికేది దాన్నే. పది పుస్తకాల పేర్ల కన్నా ఒక పుస్తకంలోని ఒక వాదంతో మీరు ఎక్కడ విభేదించారన్నది బలంగా నిలుస్తుంది.

చదివేవాళ్లకు మండలం, సీమ అంటే తెలియదు. అరవాక్యంలో చెప్పి ముందుకు సాగండి. నేపథ్యానికి 300 అక్షరాలు పోతే ఆలోచనకు చోటు మిగలదు. ఏ పార్టీనైనా విమర్శించవచ్చు, కానీ మీ వాదనకు ఎదుటివాళ్లు చెప్పే జవాబు కూడా ఒక వాక్యంలో ఉండాలి. లేకపోతే అది కరపత్రంలా ఉంటుంది.

మొదటి చిత్తు పొడవు చూసుకోకుండా, తెలుగులోనైనా సరే, రాసేయండి. ఇంగ్లిష్‌ది మాత్రం దాన్ని పక్కన పెట్టి కొత్తగా రాయాలి. వాక్యం వాక్యం తర్జుమా చేస్తే బరువైన మాటలు చేరి అర్థం పలచబడుతుంది. తర్వాత ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఇది ఇంకెవరైనా రాయగలరా అని చూసుకోండి. రాయగలిగితే కొట్టేయండి. కన్సల్టెన్సీ ఇచ్చే నమూనా జోలికి వెళ్లొద్దు: యూకాస్ ప్రతి స్టేట్‌మెంట్‌నూ పాతవాటితో పోల్చి చూస్తుంది, పోలికలు ఎక్కువుంటే యూనివర్సిటీలకు తెలియజేస్తుంది.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు గడువు అక్టోబరు 15. ఒకే ఏడాది రెండింటికీ పెట్టడం సాధారణంగా కుదరదు. గడువు అక్కడి సాయంత్రం 6 గంటలకు, అంటే మనకు రాత్రి 10:30కి ముగుస్తుంది. మిగతా చాలా కోర్సులకు జనవరి మధ్యలో. ఆగస్టులో ప్రశ్న తేల్చుకుంటే సెప్టెంబరు అంతా తిరగరాయడానికి మిగులుతుంది. రెఫరెన్సు రాసే టీచర్‌కు కూడా కనీసం రెండు వారాల ముందు మీ చిత్తు ఇవ్వండి.