పెంపుడు పాముకు మేత ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి

బాల్ పైథాన్‌నో కార్న్ స్నేక్‌నో కొత్తగా తెచ్చుకున్నవాళ్లకు తరచూ ఒక సలహా అందుతుంది: మేత వేళకు పామును వేరే డబ్బాలోకి మార్చాలి, లేకపోతే పెట్టెలో చెయ్యి పెట్టినప్పుడల్లా తిండి అనుకుని కరుస్తుంది అని. పట్టించుకోకండి. పాము ఉండే పెట్టెలోనే మేత పెట్టండి.

బాల్ పైథాన్ అసలే పిరికిది. చోటు మారితే బెదిరి ఉండలా చుట్టుకుంటుంది, ఎలుక వైపు చూడదు. ఒకవేళ తిన్నా, నిండు కడుపుతో ఉన్నదాన్ని ఎత్తి మళ్లీ పెట్టెలో వేయాలి. అప్పుడు కదిలిస్తే కక్కేయవచ్చు. పైగా అది ఇంకా వేట ఊపులోనే ఉంటుంది కాబట్టి కాటు పడే అవకాశం అప్పుడే ఎక్కువ. చెయ్యిని తిండిగా పొరబడకుండా ఉండాలంటే, ఎత్తే ముందు ప్రతిసారీ కొక్కెం కర్రతో ఒంటిని మెల్లగా తాకండి. ఆ తాకిడి తర్వాత వచ్చేది మేత కాదని కొన్నాళ్లకు అలవాటవుతుంది.

వేరే డబ్బా పనికొచ్చే సందర్భం ఒకటుంది. మొండికేసిన కార్న్ స్నేక్ పిల్లను, గాలి కన్నాలున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పింకీతో (బొచ్చు రాని పసి ఎలుక పిల్లతో) పాటు రాత్రంతా వదిలేస్తే చాలాసార్లు తింటుంది. ఆ డబ్బాను పెట్టెలోనే, హీట్ మ్యాట్‌కు దూరంగా ఉంచండి. పొద్దున మూత తీస్తే చాలు, పిల్ల తనంతట తానే బయటికొస్తుంది.

ఎలుక లావు పాము ఒంట్లో అన్నిటికన్నా లావైన చోటును మించకూడదు. బాల్ పైథాన్ పిల్లకు దాని బరువులో 10–15 శాతం ఉన్న ఎలుకను వారానికోసారి, పెద్దదానికి 5 శాతం ఉన్నదాన్ని రెండు నుంచి నాలుగు వారాలకోసారి పెట్టండి. ముద్దుకొద్దీ ఎక్కువ పెడితే కొవ్వు పడుతుంది.

బతికున్న ఎలుక వద్దు. మూలకు చిక్కితే అది పామునే కొరికి గాయపరుస్తుంది. చంపి ఫ్రీజర్‌లో ఉంచిన ఎలుకను ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చండి. మేతకు ముందు జిప్ కవర్‌లో పెట్టి, అర గంట వేడి నీళ్లలో ముంచండి. మైక్రోవేవ్ వాడితే ఒకచోట ఉడికి, ఒకచోట గడ్డగానే ఉంటుంది, కడుపు పగిలినా పగులుతుంది. పొట్ట నొక్కి చూడండి. లోపల గట్టిగా తగిలితే ఇంకా కరగలేదన్నమాట. పైచర్మం 38–40 డిగ్రీలు ఉండాలి. బాల్ పైథాన్ పెదవుల మీది గుంటలతో వేడిని పసిగడుతుంది, చల్లటి ఎలుక దానికి ఆనదు. కార్న్ స్నేక్‌కు ఆ గుంటలు లేవు, అది వాసన మీద ఆధారపడుతుంది. ఈ పనికి వంటింటి గిన్నెలు వాడకండి, సాల్మొనెల్లా బాక్టీరియా సోకే ప్రమాదం ఉంది. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

పొద్దుగూకాక లైట్లు తగ్గించండి. ఎలుకను టిష్యూతో తుడవండి, తడిగా ఉంటే పెట్టెలో పరిచిన చెక్కపొట్టు అంటుకుంటుంది. కాస్త పొట్టు లోపలికి పోతే భయమేమీ లేదు, అనుమానమైతే కింద కాగితం పరవండి. అడుగు పొడవున్న పట్టకారుతో నడుం దగ్గర పట్టుకుని, పాము దాక్కునే గూడు ముందు నెమ్మదిగా కదిలించండి. తిన్నగా ముఖం మీదికి తోస్తే బెదురుతుంది. పట్టి చుట్టుకోగానే వదిలేసి పక్కకు తప్పుకోండి. ముట్టకపోతే అక్కడే పెట్టి, పొద్దున కల్లా తీసి పారేయండి. మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

తిన్నాక 48 గంటలు ముట్టుకోకండి. బాల్ పైథాన్ పెట్టెలో వేడి వైపు 31–32 డిగ్రీలు, చల్ల వైపు 25–27 ఉండాలి. వేడి చాలకపోతే ఎలుక అరగక కడుపులోనే కుళ్లుతుంది, పాము కక్కుతుంది. కక్కితే రెండు వారాలు మేత ఆపి, తర్వాత మామూలు సైజులో సగం ఉన్నది పెట్టండి. మళ్లీ కక్కితే డాక్టరుకు చూపించాలి. నాగులచవితి అలవాటుతో పాలు మాత్రం పొయ్యకండి, అవి పాముకు అరగవు. గిన్నెలో మంచినీళ్లు చాలు.

భారతదేశంలో నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి మన పాములను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోది కాబట్టి, 2022 సవరణ తర్వాత దాన్ని కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

కుబుసం విడిచే ముందు కళ్లు పాలిపోయినప్పుడు చాలా పాములు తినవు. పెద్ద బాల్ పైథాన్‌లైతే చలికాలంలో నెలల తరబడి మానేస్తాయి. రోజూ ఎలుక చూపించి విసిగించకండి, రెండు వారాలకోసారి ప్రయత్నిస్తే చాలు. ఈలోగా వారం వారం తూకం వేయండి. బరువు పదో వంతుకు మించి తగ్గితే సరీసృపాలను చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.