చిలికాలో తెరచాప పడవ మీద ఇద్దరూ ఒక రోజు దీవులు తిరగడం ఎలా?

బరంపురం, ఇచ్ఛాపురం వైపు నుంచి ఒడిశాలోని చిలికా సరస్సుకు వెళ్లే జంటలు ఎక్కువగా ఇంజన్ పడవే ఎక్కుతారు. ఆ మోతలో ఒకరి మాట ఒకరికి వినపడదు. తెరచాప పడవలో ఆ బాధ లేదు. పైగా ఇద్దరికీ చేతినిండా పని ఉంటుంది. అయితే ఆ రోజును మన ఇష్టప్రకారం కాకుండా గాలిని బట్టి నడుపుకోవాలి.

1. నెల చూసుకోండి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు మంచి సమయం. వలస పక్షులు కూడా అప్పుడే ఉంటాయి. అక్టోబరులో తొందరపడవద్దు. 2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది, వానాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏ నెలలో వెళ్లినా ముందురోజు రాత్రి వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోండి.

2. పడవ, సరంగు

సరస్సు ఒడ్డున ఉన్న రంభ అనే ఊరి నుంచి బయల్దేరండి. అక్కడి పడవల కౌంటర్లో ఇచ్చేవి దాదాపు అన్నీ ఇంజన్ పడవలే కాబట్టి తెరచాప పడవ కోసం ఒక రోజు ముందే వెళ్లి చేపలు పట్టేవాళ్లతో మాట్లాడుకోవాలి. రంభ ఉన్న గంజాం జిల్లాలో తెలుగు అర్థమయ్యేవాళ్లు కనిపిస్తారు. "అన్నా, రేపు గాలి ఎటు తిరుగుతుంది?" అని అడగండి. డబ్బు సంగతి ఆ తర్వాత మాట్లాడవచ్చు. గాలి గురించి ఓపిగ్గా చెప్పే మనిషి దొరికితే ఆయన్నే పడవ నడిపే సరంగుగా పెట్టుకోండి. మీకు పడవ నడపడం కొంత వచ్చినా సరే, ఆయన వెంట ఉండాల్సిందే. లైఫ్ జాకెట్లు రెండూ తొడుక్కుని, బకిళ్లు బిగించి చూసుకోండి. అవి లేని పడవ ఎక్కవద్దు.

3. గాలి లెక్క

ఆ రోజంతా ఆధారపడేది దీని మీదే. రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది, నీరు అంత తొందరగా చల్లబడదు. అందుకే ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో తెల్లవారుజామున గాలి నేల మీంచి నీటి మీదికి వీస్తుంది. పొద్దెక్కాక నేల వేడెక్కి, మధ్యాహ్నానికి గాలి సముద్రం వైపు నుంచి తిరిగి వస్తుంది. రంభ పడమటి ఒడ్డున ఉంది, దీవులు దానికి ఎదురుగా నీటిలో ఉన్నాయి. అంటే పొద్దున్నే బయల్దేరితే వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ గాలి మీకు తోడుంటుంది. ఆలస్యంగా లేచినవాళ్లకు రెండు గాలుల మధ్య ఎటూ కదలని నీళ్లే మిగులుతాయి. కాబట్టి ఆరున్నరకల్లా పడవలో ఉండండి.

ఏ తెరచాప పడవా గాలికి సూటిగా ఎదురు వెళ్లలేదు. చేపల పడవల మామూలు తెరచాపకు వెనక గాలి, పక్క గాలి బాగా కుదురుతాయి.

4. ఇద్దరూ పని పంచుకోండి

ఒకరు చుక్కాని, ఇంకొకరు తెరచాప తాడు పట్టుకోండి. గంటకోసారి మారండి. తాడు పట్టుకున్నవాళ్లు దాన్ని ఎక్కడా ముడి వేయకూడదు. గట్టి గాలి ఒక్కసారిగా తోసినప్పుడు తాడు వదిలేస్తే తెరచాప బరువు దిగి పడవ నిలబడుతుంది, ముడి వేసి ఉంటే పడవ ఒరిగిపోతుంది. గాలి వచ్చే వైపు కూర్చోండి. తెరచాప ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరిగే ముందు చుక్కాని దగ్గరున్నవాళ్లు "తల వంచండీ" అని కేకేయాలి. తెరచాపను పట్టి ఉంచే కర్ర తలకు తగిలితే ప్రమాదం.

నీటి మీద అక్కడక్కడా తెల్లని నురగ కనిపిస్తే గాలి గంటకు పన్నెండు, పదిహేను కిలోమీటర్లు ఉన్నట్టు. నురగ అన్నివైపులా కనిపిస్తే ఇక వెనక్కి మళ్లండి. ఇంటి నుంచి అత్తవారింటికి పడవలో వెళ్తూ తుపానులో మునిగిపోయిన జాయి కథ ఇక్కడివాళ్లందరికీ తెలుసు. ఆమెనే కాళీజాయి అమ్మవారిగా కొలుస్తారు. ఆ గుడి ఉన్న దీవి బాలుగావ్, బర్కుల్ వైపు ఉంది. రంభ నుంచి తెరచాపతో ఒక్కరోజులో అక్కడికి వెళ్లే ప్రయత్నం చేయవద్దు.

5. ఏ దీవులు?

రెండు చాలు. మొదట బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్. అక్కడ కళ్లికోట రాజు కట్టించిన బంగళా శిథిలాలున్నాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీలో, పులిహోరో అక్కడ తినండి. తర్వాత హనీమూన్ ఐలాండ్ అని పిలిచే బర్కుడా. పేరు చూసి వెళ్లేవాళ్లే ఎక్కువ, కానీ నాకు ఆ దీవి మీద ఇష్టం ఇంకో కారణానికి. కాళ్లు లేని ఒక అరుదైన బల్లి జాతిని 1917లో అన్నన్‌డేల్ అనే శాస్త్రవేత్త అక్కడే గుర్తించారు. దాని శాస్త్రీయ నామంలోనూ ఆ దీవి పేరే ఉంది: బర్కుడియా ఇన్సులారిస్. మట్టిలో బతికే ప్రాణి అది. నేల తవ్వవద్దు, రాళ్లు తిరగేయవద్దు, పాములా కనిపించినదాన్నల్లా కొట్టవద్దు.

బర్డ్స్ ఐలాండ్ రాళ్లు పక్షుల రెట్టలతో తెల్లగా మెరుస్తుంటాయి. దాన్ని దూరం నుంచే చూడండి, దగ్గరికెళ్తే పక్షులు లేచిపోతాయి. దారిలో వెదురు గడలు, వలలు కనిపిస్తే చుట్టు తిరిగి వెళ్లండి. అది వేరొకరి జీవనోపాధి.

6. తిరుగు దారి

మధ్యాహ్నం గాలి తిరగగానే బయల్దేరండి. గాలి పడిపోతే ఆ పడవ తెడ్లతో, లోతు తక్కువ చోట గడతో నడవాలి. అందుకని చీకటి పడేలోపు రెండు గంటలు చేతిలో ఉంచుకోండి. దగ్గరలోని ఇంజన్ పడవవాళ్ల ఫోన్ నంబర్ ఒకటి సరంగు దగ్గర ఉండేలా ముందే చూసుకోండి. ఒడ్డు చేరాక ఒప్పుకున్న డబ్బు సరంగు చేతికే ఇవ్వండి, మీ ప్లాస్టిక్ సీసాలు సంచిలోనే వెనక్కి తెచ్చుకోండి.