యూజర్ డైరెక్టరీని డేటాబేస్‌తో సింక్ చేయడం ఎలా?

కొత్తగా చేరినవాళ్ల వివరాలు యాక్టివ్ డైరెక్టరీలో, అంటే ఆఫీసు లాగిన్ అకౌంట్లన్నీ ఉండే మైక్రోసాఫ్ట్ వ్యవస్థలో, ఉంటాయి. లీవు, క్యాంటీన్, షటిల్ బస్సు అప్లికేషన్లకేమో అవే వివరాలు డేటాబేస్‌లో కావాలి. ఈ రెండింటినీ కలపడానికి బెంగళూరులో నేను చూసిన ఆఫీసుల్లో సగం ఇంకా హెచ్‌ఆర్ పంపే ఎక్సెల్ షీటు మీదే ఆధారపడుతున్నాయి. నెలకోసారి షీటు, నెల పొడుగునా ఫోన్లు. నిజానికి ఇది ఒక రోజు కూర్చుంటే అయిపోయే పని. తొలగింపుల దగ్గర మాత్రం అందరూ బోర్లా పడుతున్నారు. నేనూ పడ్డాను, కాబట్టి అక్కడ కాస్త ఎక్కువ చెబుతాను.

కావాల్సినవి: చిన్న లినక్స్ మెషీన్, పైథాన్, డైరెక్టరీతో మాట్లాడే ఎల్‌డాప్3 లైబ్రరీ, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, డైరెక్టరీని చదవడానికి మాత్రమే హక్కున్న ఒక సర్వీస్ అకౌంట్ (మనిషికి కాక ప్రోగ్రాముకిచ్చే అకౌంట్). డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇస్తామంటే దండం పెట్టి వద్దనండి. పోర్టు 636 వాడండి. టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్ లేకుండా 389లో వెళ్తే పాస్‌వర్డ్ దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. ఈ సింక్ పనికే ఎల్‌ఎస్‌సీ లాంటి ఓపెన్ సోర్స్ టూల్స్ ఉన్నాయి, మంచివే. కానీ రాత్రి రెండింటికి పని ఆగిపోతే పొడవాటి ఎక్స్ఎంఎల్ ఫైల్లో తప్పు వెతకడం కంటే నేను రాసుకున్న రెండొందల లైన్లు చదవడం నాకు తేలిక. అందుకే స్క్రిప్టే రాయాలి.

సింక్ ఒకవైపే నడవాలి. డైరెక్టరీ చెబుతుంది, డేటాబేస్ వింటుంది. రెండువైపులా కావాలని అడిగే మేనేజర్ ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. ఒకే ఫోన్ నంబరును ఇద్దరూ మారిస్తే ఎవరి మాట చెల్లాలని అడగండి, చర్చ అక్కడితో ముగుస్తుంది.

సెర్చ్ ఫిల్టర్‌లో ఆబ్జెక్ట్ క్లాస్ యూజర్ అని మాత్రమే పెడితే కంప్యూటర్లు కూడా మనుషుల్లా వరస కడతాయి. డైరెక్టరీ లెక్కలో కంప్యూటర్ కూడా యూజర్ వర్గంలోదే మరి. ఆబ్జెక్ట్ కేటగిరీ పర్సన్ అన్న షరతు కూడా కలపండి.

తర్వాత, మనిషిని దేనితో గుర్తుపట్టాలి? పేరుతో మాత్రం కాదు. ఈ ఊళ్లో మనవాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు, తమిళులు తండ్రి పేరులో మొదటి అక్షరం పెడతారు, ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని అడిగేసరికి అందరూ తలో రకంగా నింపుతారు. వెంకటేశ్ కె, కె వెంకటేశ్ ఒకరో ఇద్దరో వాళ్లమ్మకే తెలియాలి. ఈమెయిల్ పెళ్లయ్యాక మారుతుంది, లాగిన్ పేరు కూడా మారొచ్చు. మారనిది ఆబ్జెక్ట్ జీయూఐడీ, అంటే డైరెక్టరీ ప్రతి ఎంట్రీకీ ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఒక్కటే. అది 16 బైట్లు, పోస్ట్‌గ్రెస్ యూయూఐడీ కాలమ్‌లో సరిగ్గా పడుతుంది. ఒక తిరకాసుంది. మొదటి మూడు భాగాల్లో, అంటే 4, 2, 2 బైట్లలో, క్రమం తలకిందులుగా ఉంటుంది. పైథాన్ యూయూఐడీ మాడ్యూల్‌లో లిటిల్ ఎండియన్ (చివరి బైటు ముందు వచ్చే) పద్ధతిలో చదివే ఆప్షన్ ఉంది, అదే వాడండి. లేకపోతే మీ టేబుల్‌లోని నంబరు, విండోస్ పవర్‌షెల్ చూపించే నంబరు ఏనాటికీ కలవవు.

అకౌంట్ గడువు తేదీ కావాలంటే అది 1601 జనవరి 1 నుంచి లెక్క. సున్నా ఉంటే గడువు లేదని అర్థం. అది తెలియక తేదీగా మారిస్తే ఆఫీసులో సగం మంది గడువు మొఘలుల కాలంలోనే తీరిపోయినట్టు కనిపిస్తుంది.

వచ్చినదంతా ముందు ఒక తాత్కాలిక టేబుల్‌లో పోసి, అక్కడి నుంచి ఆన్ కాన్‌ఫ్లిక్ట్ (యూజర్ ముందే ఉంటే సరిచేయి, లేకపోతే చేర్చు) వాడి అసలు టేబుల్‌లోకి ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే అన్నీ పడాలి లేదా ఏదీ పడకూడదన్నట్టు, ఎక్కించండి. కొత్తవాళ్లు చేరతారు, పాతవాళ్ల వివరాలు సరవుతాయి. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు.

ఇక తొలగింపులు. ‘డైరెక్టరీలో కనిపించకపోతే డేటాబేస్‌లో తీసెయ్’ అన్న ఒక్క లైను రాసి చేతులు దులుపుకుంటారు. నేనూ అలాగే రాశాను. అప్పట్లో మా ఆఫీసులో వెయ్యికి కాస్త తక్కువ మందిమి. టెస్టులన్నీ పాసయ్యాయి. ఓ వారం కొత్త బ్యాచ్ ఫ్రెషర్లు దిగారు, లెక్క వెయ్యి దాటింది. ఆ శుక్రవారం రాత్రి నేను మారతహళ్లిలో విజయవాడ బస్సెక్కాను. చిత్తూరు దాటాక దాబా దగ్గర బస్సు ఆగింది, చేతిలో టీ, మోగుతున్న ఫోను. నైట్ షిఫ్ట్ సపోర్ట్ టీమ్‌లో కొందరికి లాగిన్ అవడం లేదు. యాక్టివ్ డైరెక్టరీ మామూలుగా ఒక్కసారి అడిగితే 1000 ఎంట్రీలకు మించి ఇవ్వదు. మిగతావాళ్లను నా స్క్రిప్ట్ రాజీనామా చేసినవాళ్ల కింద లెక్కగట్టింది. వాళ్లేమీ కొత్తవాళ్లు కాదు. పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఒకాయన కూడా అందులో ఉన్నారు. టేబుల్‌లో యూజర్ వరుస (రో) చెరిగితే దానికి ముడిపడిన లీవు రికార్డులూ చెరిగిపోయేలా ఎవరో క్యాస్కేడ్ పెట్టి ఉంచారు. ఆయన దాచుకున్న సెలవులన్నీ పోయాయి. శనివారమంతా బ్యాకప్ నుంచి ఒక్కొక్కటీ తెచ్చి పెట్టాను. ఆయన ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధేసింది.

ఎర్రర్ రాలేదా అంటే, వచ్చింది. రిజల్ట్ కోడ్ 4, అంటే పరిమితి దాటిందని. కానీ ఎల్‌డాప్3 మామూలు సెట్టింగుల్లో దాన్ని చూసి ఆగదు. అందిన వెయ్యి మందినీ చేతిలో పెడుతుంది. కోడ్ చూడాల్సింది మీరే. సున్నా కాకపోతే ఆ రాత్రి సింక్ లేదు, అంతే. అడిగేటప్పుడు పేజీలుగా అడగండి, పేజీకి 500 చాలు.

అదొక్కటే సరిపోదు. నెట్‌వర్క్ మధ్యలో తెగొచ్చు. ఎవరో ఒక టీమ్‌ను వేరే ఓయూలోకి (డైరెక్టరీలో ఫోల్డరు లాంటిది) మార్చితే, మీ సెర్చ్ పరిధి బయట పడి వాళ్లంతా మాయమైనట్టే కనిపిస్తారు. కాబట్టి నిన్నటి సంఖ్యతో పోల్చండి. పది మందికి మించి తగ్గితే స్క్రిప్ట్ ఏమీ మార్చకుండా ఆగి మీకు మెయిల్ పంపాలి. పదే ఎందుకంటారా? ఒకే రోజు పది మంది నిజంగా వెళ్లిపోతే ఆ సంగతి మీకు క్యాంటీన్‌లోనే తెలిసిపోతుంది.

కనిపించని ప్రతి ఒక్కరి కోసం డైరెక్టరీని జీయూఐడీతో విడిగా మళ్లీ అడగండి. దొరికితే ఓయూ మారిందన్నమాట. దొరకకపోయినా వరుస చెరపకండి. చివరిగా కనిపించిన తేదీ అని ఒక కాలమ్ పెట్టి, ఏడు రోజులు వరుసగా కనిపించకపోతే ఇన్‌యాక్టివ్ అని గుర్తు పెట్టండి. డిలీట్ అన్న మాట స్క్రిప్ట్‌లో ఉండకూడదు. నా దగ్గర చేరే కుర్రాళ్లకు మొదటి రోజే చెప్పే రూల్ ఇది. డిసేబుల్ చేసిన అకౌంట్ సంగతి వేరు. అది డైరెక్టరీలోనే ఉంటుంది, యూజర్ అకౌంట్ కంట్రోల్ విలువలో 2 అన్న బిట్ వెలుగుతుంది. మామూలు అకౌంట్ 512 అయితే డిసేబుల్ అయినది 514. వాళ్లను మాత్రం వెంటనే ఇన్‌యాక్టివ్ చేయండి, వారం ఆగనక్కర్లేదు.

మొదటి వారం స్క్రిప్ట్ ఏమీ రాయకుండా, ఏం చేసేదో లాగ్‌లో చూపించేలా నడపండి. రోజూ ఉదయం ఆ లాగ్ చదవండి. ఒకసారి మధ్యలో నెట్‌వర్క్ కేబుల్ మీరే పీకి చూడండి.

లినక్స్‌లో టైము ప్రకారం పనులు నడిపే క్రాన్‌లో రాత్రి 2:15కి పెట్టండి. సరిగ్గా 2 గంటలకు వద్దు, బ్యాకప్‌లన్నీ అప్పుడే మొదలవుతాయి. సర్వీస్ అకౌంట్ పాస్‌వర్డ్ గడువు కూడా చూసుకోండి. డొమైన్‌లో ఎవరూ మార్చకపోతే అది 42 రోజులు. నలభై మూడో రాత్రి లాగిన్ విఫలమై సున్నా మంది వచ్చినప్పుడు మీ స్క్రిప్ట్ ఏం చేస్తుందో ఇప్పుడే, తప్పు పాస్‌వర్డ్ ఇచ్చి, పరీక్షించి చూడండి.